తలసరి లెక్కలో మన తల ఎక్కడ?

2024-25లో తెలంగాణ తలసరి ఆదాయం 3,79,751 రూపాయలని ప్రభుత్వం ప్రకటించింది. ఐదుగురున్న ఇంటికి ఇది ఏడాదికి దాదాపు పంతొమ్మిది లక్షలు. దుమ్ముగూడెం, చర్ల, గుండాల గూడేల్లో అంత రాబడి ఉన్న రైతు ఇల్లు ఒక్కటి చూపించమని అడుగుతున్నాం.

హైదరాబాద్ కంపెనీల లాభాన్నీ మన పోడు రైతు పత్తి పైకాన్నీ ఒకే కుప్పలో పోసి, జనాభాతో భాగిస్తే వచ్చేదే తలసరి. భాగహారంలో తప్పేమీ లేదు. ఆ అంకెను మన బతుకు మీద అతికించి, రైతు బాగుపడ్డాడని సభల్లో చెప్పడమే మోసం.

ప్రభుత్వ సర్వేనే తీసుకుందాం. 2018-19లో జాతీయ నమూనా సర్వే వాళ్లు తేల్చిన ప్రకారం తెలంగాణలో వ్యవసాయ కుటుంబం నెల రాబడి 9,403 రూపాయలు, అంటే ఏడాదికి 1,12,836. అది ఇంటిల్లిపాదికీ కలిపి, కూలి డబ్బులతో సహా! ఆ ఏడాదే మనిషికి రెండు లక్షలు దాటిందని తలసరి లెక్క చెప్పింది. సగటు అప్పేమో కుటుంబానికి లక్షన్నర పైన. తలసరి అంకెలో అప్పు ఎక్కడా కనపడదు.

ఇంకో చోద్యం ఉంది. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. మునిగిన ఇళ్లకు, కొట్టుకుపోయిన రోడ్లకు చేసిన మరమ్మతు ఖర్చు ఉత్పత్తి లెక్కలో కలుస్తుంది. పోయిన గొడ్డూ గోదా, ఇసుక మేట వేసిన చేను అందులోంచి తీసివేయరు. మన ఆడవాళ్లు నీళ్లు మోసి, వండి, పిల్లల్ని సాకే చాకిరీకి విలువే కట్టరు. జాతీయాదాయ లెక్కలు కట్టిన సైమన్ కుజ్నెట్స్ 1934లోనే అమెరికా పార్లమెంటుకు చెప్పాడు, ఈ లెక్కతో జనం క్షేమాన్ని తేల్చలేమని. మన మంత్రులకు ఆ కబురు ఇంకా అందలేదు కాబోలు.

సాగు ఖర్చు దగ్గరా ఇదే తంతు. సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ వదిలేసి, మిగిలిన ఖర్చు మీద యాభై శాతం కలిపి స్వామినాథన్ సిఫార్సు అమలైందంటున్నారు. మిర్చికైతే అసలు మద్దతు ధరే లేదు.

అందుకే గ్రామ కమిటీలకు చెబుతున్నాం. ఈ యాసంగిలో ఊరికి పది ఇళ్ల ఖర్చు, రాబడి, తునికాకు కూలి, అప్పు, వడ్డీ నోటు పుస్తకంలో రాయండి. కౌలు రైతుల్నీ పట్టా అందని పోడు రైతుల్నీ వదలొద్దు. ఆ పుస్తకాలతోనే కలెక్టరేట్‌కు పోదాం.