చేపల తొట్టెలో కత్తెర పని



మందిరం పక్కన మేముండే ఇంటి వరండాలో మూడడుగుల గాజు తొట్టె ఒకటి వుంది. సండేస్కూలు పిల్లలకు అదంటే ప్రాణం. అందులో గప్పీ చేపలు, అడుగున ఇసుక, ఇసుకలో నాటిన నీటి మొక్కలు. మొదట్లో ఆ పచ్చదనం చూసి మురిసిపోయి ఒక్క కొమ్మ కూడా తుంచలేదు. యోహాను సువార్త 15వ అధ్యాయం మీద ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు గాని, కళకళలాడే కొమ్మ మీద కత్తెర పెట్టడానికి మాకే చేతులు రాలేదు.

నాలుగు నెలల్లో హైడ్రిల్లా నీటిపైకి వచ్చి చాపలా పరుచుకుంది. వెలుతురు దిగక అడుగు ఆకులు పసుపు రంగుకు తిరిగి కుళ్లాయి. ముసురు పట్టిన ఒక తెల్లవారుజామున చూస్తే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. తెల్లారేసరికి ఏడు చచ్చి తేలాయి. రోజూ మేత వేసే తొమ్మిదేళ్ల బాబును పిలిచి, "ఎక్కువ మేత పోసి చంపావు కదరా" అని పదిమందిలో గద్దించాం. వాడు మారు మాట్లాడలేదు. రెండు ఆదివారాలు వరండా వైపే రాలేదు.

సంఘంలో చేపల చెరువు చేసే సహోదరుడొకరు వచ్చి, తొట్టెలో చెయ్యి పెట్టి గుప్పెడు కుళ్లు తీసి చూపించారు. మొక్కలు వెలుతురులో ప్రాణవాయువు విడుస్తాయి. బడిలో గాజు గరాటు కింద హైడ్రిల్లా పెట్టి చూపించే బుడగలు అవే. కాని అవి శ్వాసించడం మాత్రం రాత్రింబవళ్లూ ఆగదు. చీకటి పడ్డాక చేపలూ, మొక్కలూ, కుళ్లును తినే సూక్ష్మజీవులూ ఆ నీటిలోని ప్రాణవాయువునే పంచుకోవాలి. పైన చాప పరిచినట్టుంటే గాలి కలవడమూ తగ్గుతుంది. భీమవరం, కైకలూరు వైపు రైతులు మబ్బు రోజుల్లో తెల్లవారకముందే గట్టు మీదికి వెళ్లేది ఇందుకే.

ఆ సాయంత్రమే బాబు ఇంటికి వెళ్లి, తప్పు మాదని వాడితో చెప్పాం. "పిల్లాడి దగ్గర మీరు క్షమాపణ అడగడమేంటండీ అయ్యగారూ" అని తల్లి కంగారుపడింది. వాడు మాత్రం, "మరి మిగిలిన చేపలు బతుకుతాయా అండీ?" అని అడిగాడు. మరునాడు కత్తెర వాడి చేతికే ఇచ్చాం.

హైడ్రిల్లా, హైగ్రోఫిలా, కబాంబా వంటి కాడ మొక్కలను కణుపుకు కొంచెం కింద కోయాలి. కత్తెర పదునుగా వుండాలి. మొద్దు కత్తెరతో నలిగిన కాడ కుళ్లుతుంది. పై కొన నాలుగైదు అంగుళాలు తీసుకుని, కింది రెండు కణుపుల ఆకులు గిల్లేసి, ఆ కణుపులు ఇసుకలో మునిగేలా నాటితే అక్కడినుండే వేళ్లు వస్తాయి. నారు గుత్తిగా గుచ్చకండి, వేలెడు ఎడం వుండాలి. మిగిలిన మోడు పక్క చిగుళ్లు వేస్తుంది. అడుగు మరీ బోసిపోతే మాత్రం దాన్ని పీకేసి కొనలనే నాటుకోవడం మేలు.

మన కాలవల్లో దొరికే వాలిస్నేరియా తీరు వేరు. గరికలా ఇసుక మీద తీగ పాకించి పిల్లలు పెడుతుంది. పిల్లకు నాలుగు ఆకులు, సొంత వేళ్లు వచ్చాక తీగ కోసి వేరే చోట నాటాలి. ఆకును సగానికి కత్తిరిస్తే కొన గోధుమరంగు తిరిగి అసహ్యంగా వుంటుంది, మొదలంటా తీసేయడమే మంచిది. నాటేటప్పుడు ఆకులు పుట్టే మొదలు ఇసుకలో కూరుకుపోకూడదు. పట్నం దుకాణాల్లో అమ్మే అనూబియాస్, జావా ఫెర్న్‌లకు అల్లం కొమ్ములాంటి దుంప వుంటుంది. ముక్కకు మూడు నాలుగు ఆకులుండేలా కోసి, రాయికి దారంతో కట్టాలి. దుంపను ఇసుకలో పూడిస్తే కుళ్లుతుంది. రెండిటినీ అలాగే పూడ్చి పోగొట్టుకున్నాం, ధర తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

ఒకేసారి తొట్టెంతా బోడి చేయకండి. చేపల మలినాన్ని ఎరువుగా పీల్చుకునేవి ఆ మొక్కలే. అవి లేకపోతే గాజుకు పాచి పడుతుంది. గప్పీ పిల్లలు దాక్కోవడానికి ఒక మూల గుబురుగా వదలండి, లేకపోతే పెద్ద చేపలే వాటిని మింగేస్తాయి. తేలే తునకలన్నీ ఆ రోజే వలతో ఎత్తేయాలి.

ఎత్తినవాటిని కాలవలో పారేయకండి. ఆకులతో వున్న చిన్న ముక్క చాలు, మళ్లీ మొలుస్తుంది. దక్షిణ అమెరికా నుండి వచ్చిన గుర్రపుడెక్క మన చెరువులను ఏం చేసిందో చూస్తూనే వున్నాం. మన వైపు హైడ్రిల్లా 1950ల్లో చేపల తొట్టెల వ్యాపారం వల్ల అమెరికాలోని ఫ్లోరిడా చేరి, అక్కడి సరస్సులను అలాగే కమ్మేసింది. పెంటకుప్పలో వేస్తే మంచి ఎరువవుతుంది.

మొన్న కోసిన కొనల్లో ఆరు ఆ బాబు అడిగి తీసుకుపోయాడు. వాళ్లింట్లో హార్లిక్స్ సీసాలో ఇసుక పోసి నాటాడట. చేప వేయడానికి సీసా చాలదని చెప్పాం. మొక్కలే చాలన్నాడు.