చెప్పని బాధ లెక్కలోకి రాదు



మేము ఇద్దరం నర్సింగ్ విద్యార్థినులం. ఒకరిది పత్తి పండే ఊరు, ఒకరిది మిరప పండే ఊరు. మొన్న సెలవుల్లో కొన్ని వారాలు ఒక ప్రచార బృందంలో ఇంటర్న్‌లుగా పనిచేశాం. ఆడపిల్లల జననాంగాన్ని కోసే ఆచారం మానిపించడానికి పాటుపడే బృందం అది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో పెట్టే సంగతులను తెలుగులో రాయడం, చదివినవారి ప్రశ్నలకు జవాబివ్వడం మా పని. ఇంట్లో చెబితే, "మన వైపు లేని ఆచారం సంగతి మీకెందుకే?" అన్నారు. ఆ ప్రశ్నకు జవాబుగా ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ఈ ఆచారం ఎక్కువగా ఆఫ్రికా దేశాల్లోనూ, ఆసియాలో కొన్నిచోట్లా ఉంది. దీనికి గురైనవారు ప్రపంచంలో 23 కోట్ల మందికి పైగా ఉన్నారని 2024లో యూనిసెఫ్ చెప్పింది. మన దేశంలో ముఖ్యంగా దావూదీ బోహ్రా కుటుంబాల్లో, సాధారణంగా ఏడేళ్ళ వయసులో చేయిస్తారు. ఖత్నా అంటారు. దీనివల్ల ఆరోగ్యానికి ఏ మేలూ లేదనీ, రక్తస్రావం, చీము పట్టడం, మూత్రపు ఇబ్బందులు, కాన్పు కష్టాలు రావచ్చనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆసుపత్రిలో డాక్టరు చేసినా సరే, చేయకూడనిదే.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. పిల్లను తీసుకుపోయేది శత్రువులు కాదు. తల్లి, అమ్మమ్మ, మేనత్త. ప్రేమతోనే తీసుకుపోతారు. "మాకూ చేశారు, ఏమైంది?" అంటారు. చేయించకపోతే పిల్లకు సంబంధం రాదని కొన్ని దేశాల్లో భయం. అందుకే ఒక్క ఇల్లు మానేస్తే చాలదు. సెనెగల్ దేశంలో మలికుండా బంబారా అనే ఊరి స్త్రీలు ఆరోగ్య పాఠాలు విని, తమలో తాము మాట్లాడుకుని, 1997లో ఊరంతా కలిసి మానేస్తున్నామని అందరి ముందు చెప్పారు. ఆ తరువాత పిల్లనిచ్చి పుచ్చుకునే చుట్టుపక్కల ఊళ్ళకూ ఈ మాట చేరింది. చట్టం 1999లో వచ్చింది. మాట ముందు, చట్టం తరువాత.

మన దేశంలోనూ ఈ సంగతి బయటికి రావడంలో ముందు నిలిచింది బోహ్రా స్త్రీలే. 2017లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడినప్పుడు, దీని మీద అధికారిక లెక్కలేవీ లేవని కేంద్ర ప్రభుత్వం చెప్పింది. ఎవరూ చెప్పుకోని బాధకు లెక్క ఎక్కడినుంచి వస్తుంది? 2018లో కోర్టు ఆ వ్యాజ్యాన్ని విస్తృత ధర్మాసనానికి పంపింది.

ప్రచారంలో మాకు కొన్ని కట్టుబాట్లు ఉండేవి. బ్లేడు బొమ్మలు, ఏడుస్తున్న పసిపిల్ల ఫొటోలు పెట్టకూడదు. ఏ మతాన్నీ, ఏ కులాన్నీ ఎగతాళి చేయకూడదు. ఒకరి అనుభవాన్ని వారి అనుమతి లేకుండా రాయకూడదు. ఇవన్నీ తేలికే. కష్టమైంది తెలుగే! ఆ అవయవానికి పుస్తకంలో ఒక మాట ఉంది, అది ఎవరికీ అర్థం కాదు. వీధిలో ఇంకో మాట ఉంది, అది తిట్టు. తల్లి కూతురితో మర్యాదగా అనగలిగే మాట మాకు దొరకలేదు. మాటే లేనిచోట నొప్పి ఎక్కడుందని ఆడపిల్ల ఎలా చెబుతుంది?

ఒక సాయంత్రం మాలో ఒకరి ఇంట్లో కూర్చుని ఇవి రాస్తుంటే, మిరప కోతలకు వెళ్ళొచ్చిన పెద్దమ్మ చదివి వినిపించమంది. అంతా విని, "ఆ పిల్లకు చెప్పకుండానే కోశారా?" అంది. కాసేపాగి, "నాకు మాత్రం ఎవరు చెప్పారు? తెల్లబట్ట అవుతోందని పోతే, క్యాన్సరొస్తుందని గర్భసంచి తీసేశారు. అప్పటికి నాకు ముప్పై కూడా లేవు" అంది. అన్నేళ్ళుగా అదే ఇంట్లో తిరుగుతున్న మాకు ఆ సంగతే తెలియదు.

ఈ రెండూ ఒకటి కావు. ఖత్నా ఎవరికీ అవసరం లేదు. గర్భసంచి ఆపరేషన్ కొందరికి ప్రాణం నిలుపుతుంది. కానీ అడగకుండా, చెప్పకుండా, భయపెట్టి చేయడం రెండుచోట్లా ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీసేసినవారు దేశంలో నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు తొమ్మిది మంది. అనవసరపు ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

కాబట్టి అమ్మలారా, అక్కలారా, తెల్లబట్ట అనగానే గర్భసంచి తీయించుకోవద్దు. చాలామందికి అది మందులతో తగ్గే ఇన్ఫెక్షనే. క్యాన్సర్ అనుమానం ఉంటే ముందు గర్భాశయ ముఖద్వారం పరీక్ష చేయించుకోండి. ఆపరేషన్ అంటే, "మందులతో తగ్గదా? అండాశయాలు ఉంచుతారా?" అని అడగండి. తొందర లేనప్పుడు ఇంకో డాక్టరుకు చూపించండి. అండాశయాలు చిన్న వయసులోనే తీసేస్తే ముట్లుడిగే ఇబ్బందులు ముందే వస్తాయి, ఎముకలు బలహీనపడతాయి. అన్నలారా, మీరూ వెంట వెళ్ళి అడగండి.

మీకెందుకే అన్నవారికి మా జవాబు ఇదే. ఎక్కడో ఉన్న పసిపిల్ల కోసం మాట్లాడడం నేర్చుకోబోయి, మా ఇంట్లో ఉన్న పెద్దమ్మ బాధ విన్నాం. స్త్రీల సమాజంలో ఈసారి కూడుకున్నప్పుడు మీరూ ఒక్కసారి ఈ మాట ఎత్తండి. పక్కన కూర్చున్న ఆమె ఎన్నేళ్ళనుంచి చెప్పాలనుకుంటోందో!