ఆటల పీరియడ్ ఆడపిల్లలది కాదా?

బోనకల్‌లో నేను చదువుకునే రోజుల్లో ఆటల పీరియడ్ గంట కొట్టగానే మగపిల్లలు మైదానంలోకి పరుగెత్తేవాళ్ళు. మేం వరండాలో కూర్చుని నోట్సు రాసుకునేవాళ్ళం. పదో తరగతిలో ఆ పీరియడ్‌ను లెక్కలు మింగేశాయి. బహిష్టు గురించిన పాఠాన్ని ‘ఇంటి దగ్గర చదువుకోండి’ అని దాటేశారు. ఇంట్లో ఎవరిని అడుగుతాం?

2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం, ఆడపిల్లలకు విడిగా మరుగుదొడ్డి ఉండాలంది. ఇవి దయతో ఇచ్చేవి కావు, హక్కులు.

మన భద్రాచలంలో పుట్టిన గొంగడి త్రిష 2025 అండర్-19 మహిళల ప్రపంచకప్ క్రికెట్‌లో టోర్నమెంటు ఉత్తమ క్రీడాకారిణి అయింది. ఆమె శిక్షణ కోసం తండ్రి కుటుంబాన్నే హైదరాబాదుకు తరలించాడు. కూలికి వెళ్ళే ఎంతమంది తల్లిదండ్రులకు అది సాధ్యం? వాళ్ళ పిల్లలకు బడి మైదానమే దిక్కు.

బడి సమావేశాలకు వెళ్ళినప్పుడు మార్కులే కాదు, ‘ఈ వారం మా అమ్మాయి ఎంతసేపు ఆడింది?’ అని కూడా అడుగుదాం.