పసివారితో పండుగ యాత్ర

డిసెంబరు నెల వచ్చుసరికి మన విద్యార్థుల యిండ్లలో ఏటేట నొక వాదము పుట్టుచుండును. క్రిస్మసు దినమున మెదకు మహాదేవాలయమునకు పోవుదుమా, మానుదుమా యనునది కాదు ఆ వాదము. పోవునప్పుడు పసిపిల్లలను వెంట గొనిపోవలెనా, అమ్మమ్మల యొద్ద విడిచి పోవలెనా యనునదే. చలికాలము, జనసమ్మర్దము, దూరపు పయనము, ఇవన్నియు తలంచి విడిచిపోవుటయే మేలనువారు పలువురు కలరు. వారి మాట త్రోసివేయదగినది కాదు. అయినను మేము వేఱుగా తలంచుచున్నాము. ఇట్లు తలంచుటకు గత సంవత్సరము మాకు జరిగినదే కారణము గనుక దానిని మొదట విన్నవించెదము.

మేము మూడు కుటుంబములవారము. ఒకటి మాది, ఒకటి మా పొరుగింటి హిందూ మిత్రులది, మూడవది మాతో కూడ ఉపాధ్యాయుడైన ముస్లిము మిత్రునిది. పెద్దలము ఎనమండుగురము, పిల్లలు ఏడుగురు; వారిలో కడపటిది రెండేండ్ల పాప. సికిందరాబాదునుండి అర్ధరాత్రి దాటిన పిమ్మట అద్దెబండిలో బయలుదేరి నర్సాపూరు అడవిదారిని పోయితిమి. దూరము సుమారు 100 కిలోమీటర్లు. బండిలో సకినాలు, పులిహోర, మా మిత్రుని భార్య చేసిన డబుల్ కా మీఠా, మేము చేయించిన కేకు నిండియుండెను. పిల్లలు దారిలో నిద్రింతురని తలంచితిమి. ఒక్కరును కన్ను మూయలేదు. (తాము నిద్రింపక పోవుటయే కాక బండి నడుపువానిని తప్ప మఱెవ్వరిని నిద్రింపనీయలేదు. వానికి మాత్రము అది మేలే యయ్యెను.)

తెల్లవారకమునుపే జరుగు ఆరాధనకు సకాలమున చేరితిమి. దేవాలయములో సుమారు 5000 మంది పట్టుదురు గాని ఆ వేకువను బయటి పచ్చికపై నిలిచినవారే అంతకు మించియున్నట్లు మాకు తోచెను. చీకటిలో పాటలు వినవచ్చుట, దీపముల వెలుగున ఆ గోపురము నిలిచియుండుట, ఇవి పెద్దలకు మఱపురాని సంగతులు. పిల్లలకో? వారి కన్నుల యెదుట నున్నవి పరుల నడుములును చీరచెఱగులును మాత్రమే. పాప యేడ్చెను. ఆ గడబిడలో మా చిన్నవాడు, అయిదేండ్లవాడు, కనబడకపోయెను.

అరగంట వెదకితిమి. ఆ అరగంటను గూర్చి యెక్కువ వ్రాయజాలము. తుదకు వాడు ప్రహరిగోడ యొద్ద, ఏదో పల్లెనుండి వచ్చిన యొక తల్లి పిల్లల నడుమ కూర్చుండి ఆమె సద్దిమూటలోని రొట్టె తినుచు కనబడెను. "ఏడిస్తే కూసుండబెట్టిన, నీళ్లు తాపిన. మీరొస్తరని నాకెరికే" యని ఆమె పలికెను. మేము ధన్యవాదములు చెప్పునంతలో వెనుక జనము త్రోయగా ఆమె తన పిల్లలను ప్రోగుచేసికొని వెడలిపోయెను.

తప్పెవరిదని విచారింపగా మాదేయని తేలినది. ముగ్గురు తండ్రులలో ప్రతివాడును పిల్లవాని చేయి మఱియొకడు పట్టుకొనెనని తలంచెను. తల్లులు మాత్రము చెఱి యిద్దఱిని పట్టుకొని, మధ్య సంచులు మోయుచుండిరి. పురుషులము మాటలలో నుంటిమి. ఇది మా మూడు కుటుంబముల వాడుక మాత్రమే కాదని పాఠకులు ఒప్పుకొందురని నమ్ముచున్నాము. పండుగ యాత్ర యనగా తల్లులకు వంటయింటిని బండిలో కెక్కించుటయై పోయినది.

ఆ పిమ్మట పోచారము చెఱువును, మెదకు కోటను చూచి తిరుగవలెనని మా యేర్పాటు. పిల్లలు చెట్టు క్రింద దుప్పటిపై నిద్రపోయిరి గనుక అది సాగలేదు. వారు లేచుసరికి మధ్యాహ్నము దాటెను, జనము పలుచబడెను. అప్పుడు లోపలికి పోయితిమి.

ఆ దేవాలయపు గొప్ప రంగుటద్దముల కిటికీలు మూడు. లండను చిత్రకారుడు ఫ్రాంకు సాలిస్బరీ వాని రూపకర్త. ప్రభువు ఆరోహణము ఉత్తరమునను, సిలువ తూర్పునను, జననము పడమటను కలవు. వెలుపలి సూర్యరశ్మి వలననేగాని ఈ చిత్రములు లోపలివారికి కానరావు. వేకువ చీకటిలో అవి నల్లని గోడలతో సమానము. అనగా క్రీస్తు జనన చిత్రమును చూపుటకై బిడ్డలను దూరమునుండి తెచ్చి, అది కనబడని వేళ నిలువబెట్టి, కనబడు వేళకు చెఱువుగట్టునకు కొనిపోవుచున్నాము. ఆనాడు ప్రొద్దు పడమటికి వాలగా పశువుల తొట్టియు, తల్లియు, శిశువును ఒక్కసారిగా వెలిగెను. పొరుగువారి నాలుగేండ్ల పిల్ల తలయెత్తి, "నాయనమ్మా, గీ అద్దంల దీపమెవరు పెట్టిండ్రు?" అని యడిగెను. ఆ వృద్ధురాలు జవాబు చెప్పక చాలసేపు అట్లే చూచుచుండెను. తక్కిన పిల్లలు రంగురంగుల పలకల నేలపై ఒక రంగునుండి మఱియొక రంగునకు గెంతుచుండిరి. మందలింపబోయి మానితిమి.

1914లో ఆరంభమై 1924వ సంవత్సరము డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన యా కట్టడమును గూర్చి మాటలాడునపుడు 175 అడుగుల గోపురమును, 200 అడుగుల నిడివిని చెప్పుచుందుము. కరవు దినములలో ఆకలిగొన్న వేలకొలది జనులకు పని కల్పించి, ఆ పనికి అన్నము పెట్టి పాస్నెటు దొరగారు దీనిని కట్టించిరను సంగతి పిల్లలకు చెప్పితిమి. ఎత్తు వారి చెవి కెక్కలేదు. అన్నము మాట విని మా చిన్నవాడు, "నాకు రొట్టె పెట్టినట్లేనా?" అనెను.

కావున మా యభిప్రాయమిది. పసివారిని కొనిపోవలసినదే, కాని యాత్ర వారి కాలినడకకు తగినట్లుండవలెను. వేకువ ఆరాధన కోరు పెద్దలు ముందుగా పోవచ్చును. పసివారితోడివారు ప్రొద్దెక్కిన పిమ్మట పోవుట మేలు. ఇందువలన వేకువ పాటలు మాకు తప్పిపోవును, అది చిన్న నష్టము కాదు. ఒక దినమునకు ఒక్క స్థలము చాలును. పిల్లల జేబులలో పేరును, తండ్రి ఫోను సంఖ్యయు వ్రాసిన చీటి యుండవలెను. సంచులును శిశువులును పురుషుల భుజములపై నుండవలెను. తల్లులు ఒక్కసారియైనను వట్టి చేతులతో ఆ కిటికీని చూడవలెను.

ఈ సంవత్సరము మూడు కుటుంబములవారమును సూర్యోదయమైన పిమ్మట బయలుదేరుటకు నిశ్చయించితిమి. మా చిన్నవాడు సకినాల పొట్లము నొకదానిని వేఱుగా కట్టించి పెట్టినాడు. ఆ తల్లి పేరు గాని ఊరు గాని మాలో నెవ్వరమును అడుగలేదు. ప్రహరిగోడ యొద్దనే వెదకవలెనని వాడు చెప్పుచున్నాడు.