మా ఇంటి ప్లాను ఎవరు గీశారు?

గండికోటకు ఆర్కిటెక్టులు వస్తారు. కాలేజీ బస్సుల్లో విద్యార్థులను వెంటబెట్టుకొని మరీ వస్తారు. కోటలోని జామియా మసీదు కమానులు కొలుస్తారు, మీనార్ల బొమ్మలు గీసుకుంటారు, పెన్నా లోయ అంచున నిలబడి ఫొటోలు దిగి వెళ్లిపోతారు. అక్కడి నుంచి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు దాటి ఇటు వస్తే కడప - కర్నూలు రోడ్డు మీద దువ్వూరు. కేసీ కాలువ, పసుపు చేలు, వరి మళ్లు, నల్లరేగడి నేల. ఇక్కడ కూడా ముస్లింలం ఉన్నాం. మేం పడుకునే గది ఎంతుందో, మా వంట పొగ ఎటు పోతుందో కొలుద్దామని టేపు పట్టుకొని ఏ ఆర్కిటెక్టయినా మా వాకిట్లోకి వచ్చినట్టు మాకెవరికీ గుర్తు లేదు. రాజులూ నవాబులూ కట్టించింది ఆర్కిటెక్చరు. దూదేకులోడు ఉండేది, గాజులమ్ముకునేవాడు ఉండేది 'హౌసింగు'. మొదటిదానికి కళ కావాలి, చరిత్ర కావాలి, లావుపాటి పుస్తకాలు కావాలి. రెండోదానికి ఒక జీవో, ఒక టైపు డిజైను చాలు!

ఈ తేడా ఎవరు పెట్టారు?

2020 డిసెంబరు 25న అప్పటి రాష్ట్ర ప్రభుత్వం 'నవరత్నాలు - పేదలందరికీ ఇళ్లు' మొదలుపెట్టింది. ముప్పై లక్షల పైచిలుకు పట్టాలు. పల్లెలో సెంటున్నర, పట్నంలో సెంటు. దాని మీద 340 చదరపు అడుగుల ఇల్లు. లక్షా ఎనభై వేల రూపాయలు. ఒక హాలు, ఒక పడగ్గది, ఒక వంటగది, ఒక బాత్‌రూం, ముందర ఇంత వరండా. సముద్రం ఒడ్డున జాలరికీ దాదాపు అదే నమూనా, ప్రొద్దుటూరులో మగ్గం నేసేవాడికీ అదే, దువ్వూరులో మాకూ అదే. పట్టా ఇవ్వడం తప్పనే వాళ్ల పక్కన మేం నిలబడం. తరతరాలుగా ఒకరి కొట్టంలోనో, ఒకరి దయలోనో బతికినవాళ్లకు, అందునా ఆడమనిషి పేరు మీద, పట్టా అనే కాగితం విలువెంతో మాకు తెలుసు. మా తగువు పట్టాతో కాదు, దాని వెనక వచ్చిన గీతలతో.

2021 అక్టోబరులో హైకోర్టు సింగిల్ జడ్జి ఆ సెంటు స్థలం మనుషులుండటానికి చాలదనీ, ఆరోగ్యం, పర్యావరణం సంగతి నిపుణులతో చూపించాలనీ అంటూ పనులు ఆపితే, నవంబరు ఆఖరుకు డివిజన్ బెంచి ఆ తీర్పును పక్కన పెట్టింది. ఆ రెండు నెలలూ రాష్ట్రమంతా సెంటు గురించే మాట్లాడింది. పార్టీలు మాట్లాడాయి, లాయర్లు మాట్లాడారు, టీవీలు గొంతు చించుకున్నాయి. ఇల్లు గీయడమే చదువుగా, వృత్తిగా ఉన్నవాళ్ల గొంతు మాత్రం మా చెవిదాకా రాలేదు. తర్వాత 2024లో వచ్చిన ప్రభుత్వం పల్లెలో 3 సెంట్లు, పట్నంలో 2 సెంట్లు అంది. సెంట్లు పెరిగితే సంతోషమే. గీసేవాడు మమ్మల్ని అడిగాడా అన్న ప్రశ్న అట్లాగే ఉంది.

అడిగివుంటే ఏం చెప్పేవాళ్లమో కొంచెం చెబుతాం.

టాయిలెట్టు దగ్గర మొదలుపెడదాం. ఖిబ్లా మాకు పడమర. ఆ దిక్కుకు ముఖం పెట్టిగానీ వీపు పెట్టిగానీ కూర్చోం. సీటును ఉత్తర దక్షిణాలుగా తిప్పితే సరిపోతుంది. గీసేటప్పుడు చేస్తే దానికి ఒక్క పైసా ఖర్చు లేదు. కట్టాక చేయాలంటే గచ్చు పగలాలి, పైపులు మారాలి, ఇంటావిడ చీటీ పాడుకోవాలి. ఈ రాష్ట్రంలో ఇంజినీరు గీత గీస్తే ముందు వాస్తు చూస్తారు. పొయ్యి ఆగ్నేయంలో ఉందా, ఈశాన్యం బరువైందా అని లెక్కలేస్తారు. సర్కారు ఆఫీసులే వాస్తు కోసం గుమ్మాలు మార్చుకుంటుంటే ఎవరికీ అది మతంలాగా కనిపించదు. మేం సీటు తిప్పమంటే మాత్రం 'మతాన్ని ఇంట్లోకి తెస్తున్నారు' అంటారు. వాస్తు ఎప్పుడో మా ఇంట్లోకి వచ్చి కూర్చుంది సార్, మేం పిలవకుండానే!

ఇక చావు. ఇంట్లో మనిషి పోతే గుస్ల్ ఇంటి దగ్గరే చేయిస్తాం. మగవాళ్లకు మగవాళ్లు, ఆడవాళ్లకు ఆడవాళ్లు. తఖ్తా పరచడానికి చోటు కావాలి, చుట్టూ మరుగు కావాలి, నీళ్లు పోయే దారి కావాలి. పాత ఇళ్లల్లో దొడ్డి ఉండేది. ఈ ఇంటికి వెనక ఏముంది? అవతలివాళ్ల గోడ. రోడ్డు మీద నాలుగు దుప్పట్లు నలుగురు ఆడవాళ్లు నాలుగు దిక్కులా పట్టుకొని నిలబడితే, వాటి మధ్యన ఒక తల్లికి ఆఖరి స్నానం చేయించడం మా వాళ్లు చూశారు. గాలి వచ్చిన ప్రతిసారీ వాళ్ల చేతులు వణికాయి. బతికినన్నాళ్లూ మరుగు కోసం పాకులాడిన మనిషికి పోయాక కూడా మరుగు లేదు. ఇది ఏ స్కీములోనూ లోపంగా నమోదు కాదు. ఫొటో తీసి అప్‌లోడ్ చేసే దశల్లో పునాది ఉంది, గోడలున్నాయి, స్లాబు ఉంది. గుస్ల్ లేదు.

ఇద్దత్ సంగతి చూడండి. మొగుడు పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు ఇంటి పట్టునే ఉండాలి. ఒకటే పడగ్గది. కొడుకూ కోడలూ, ఎదిగిన పిల్లలు, ఈమె. ఎక్కడుండాలి? 'అసలు ఇద్దత్ ఎందుకు, పరదా ఎందుకు' అని మా లౌకిక మిత్రులు వెంటనే అంటారు. ఆ తగువు మా ఇళ్లల్లో నడుస్తూనే ఉంది. మా ఆడవాళ్లు మమ్మల్ని నిలదీస్తున్నారు, నిలదీయాలి కూడా. ఏది ఉంచుకోవాలో ఏది వదులుకోవాలో మాలో మేం తేల్చుకుంటాం. 340 అడుగుల ప్లాను మా తరఫున తేల్చకూడదు. చోటు లేక వదులుకునేది సంస్కరణ కాదు.

ఈ ప్లానులో లేనిది ముస్లిం ఒక్కడేనా? ప్రొద్దుటూరు నేతగాడి గుంట మగ్గం ఏ గదిలో దించాలి? చాకలామె మూటలు ఎక్కడ విప్పాలి? ఇస్త్రీ బల్ల ఎక్కడ వేయాలి? మిషన్ కుట్టే ఆడవాళ్లకు వెలుతురు ఏ కిటికీ నుంచి రావాలి? మా కడుపు మా ఇంట్లోనే నిండుతుంది. పని ఒకచోట, నిద్ర ఇంకోచోట అనేది నెల జీతగాళ్ల ఇల్లు. ఆ ఇంటినే కుదించి కుదించి మాకిచ్చారు. అంటే పేదవాడి ఇల్లు ఎట్లుంటుందో చూసి గీసింది కాదు, ఆఫీసరు ఇల్లు ఎంత చిన్నగా అవుతుందో చూసి గీసింది.

నేల సంగతి మరీ దారుణం. కుందూ లోయంతా నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పైపైన తవ్వి పునాది వేస్తే ఆ మట్టితోపాటే గోడ లేస్తుంది, దిగుతుంది. రెండెండాకాలాలు పోయేసరికి కిటికీ మూల నుంచి పగులు మొదలవుతుంది. దీనికి మందు లేదా? రేగడి తవ్వి తీసి ఇసుకో గరుసో నింపడం మా మేస్త్రీలకు తెలుసు. అడుగున గంటలా ఉబ్బిన పైలు పునాదిని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ దశాబ్దాల కిందటే తయారుచేసి పెట్టింది. కానీ ఎర్రనేలకూ నల్లనేలకూ ఒకటే లక్షా ఎనభై వేలయితే పునాదికి వచ్చే అదనపు ఖర్చు ఎవరు పెట్టాలి? వడ్డీకి తెచ్చి మేమే. ఇదేమీ అస్తిత్వ సమస్య కాదు, ముస్లిం గోడా రెడ్డిగారి గోడా ఒకేరకంగా పగులుతాయి. కాకపోతే రెడ్డిగారికి ఇంజినీరు ఉంటాడు.

అద్దెకుందామంటారా? పట్నంలో టులెట్ బోర్డు చూసి తలుపు కొడితే మొదటి ప్రశ్న పేరు, రెండో ప్రశ్న వంట. అందుకే ఆ పగిలే గోడైనా మాకు కావాలి.

ఇదంతా విని కొందరు ఆర్కిటెక్టులు ఉత్సాహపడతారు. 'అయితే మీకు ఇస్లామిక్ స్టైల్లో గీస్తాం' అంటారు. కిటికీకి కమాను, గోడకు జాలీ, పైన గుంబజు. వద్దు బాబూ! ఈజిప్టులో హసన్ ఫతీ అని గొప్ప ఆర్కిటెక్టు ఉండేవాడు. పేదల కోసం మట్టి ఇటుకలతో కట్టాలని జీవితమంతా పోరాడిన మనిషి. 1940లలో లక్సర్ దగ్గర గుర్నా జనం కోసం కొత్త ఊరు కట్టాడు. అందమైన ఊరు. జనం చాలామంది పోలేదు. వాళ్ల బతుకుతెరువు పాత ఊళ్లో ఉంది, తరలించాలన్న కోరిక సర్కారుది. పైగా గదుల మీది గుంబజులు వాళ్లకు సమాధుల్ని గుర్తుచేశాయని చెబుతారు. మా ఊళ్లల్లోనూ గుంబజు కింద పడుకునేది వలీలే. అంత పెద్దవాడే, అంత ప్రేమ ఉన్నవాడే తడబడితే, గండికోట కమానును మా వరండాకు అతికిద్దామనుకునేవాళ్ల సంగతేమిటి? మా అస్తిత్వం కమానులో లేదు, మేం రోజూ చేసుకునే పనుల్లో ఉంది.

మరి ఆర్కిటెక్టు ఏం చేయాలి? కరాచీ ఒరంగీలో 1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ ఒక పని మొదలుపెట్టాడు. గల్లీ జనమే డబ్బులేసుకొని మురుగు పైపులు వేసుకున్నారు. చదువుకున్నవాళ్లు చేసిందల్లా వాలు లెక్క కట్టివ్వడం, పటం గీసివ్వడం, నిజమైన ఖర్చు ఎంతో చెప్పడం. అక్కడ పనిచేసిన ఆర్కిటెక్టు పర్వీన్ రెహమాన్ నగరం అంచున ఉన్న పాత పల్లెల్ని ఒక్కొక్కటిగా పటాలకెక్కించింది. ఇక్కడ ఊరుంది, ఇన్నేళ్లుగా ఉంది అని చెప్పే కాగితం లేక జనం భూమి పోగొట్టుకుంటున్నప్పుడు ఆమె గీసిన పటాలే సాక్ష్యమయ్యాయి. 2013 మార్చి 13న ఆమెను కాల్చి చంపారు. మేడలు గీసినందుకు ఎవరినీ చంపరు. పేదవాడి ఇల్లు ఎక్కడుందో గీస్తే చంపుతారు.

పాకిస్తాన్ పేరెత్తామని ఉలిక్కిపడేవాళ్లకు కేరళ ఉంది. లారీ బేకర్ ఇటుకల్ని నిలబెట్టి మధ్యన ఖాళీ వదిలి గోడ కట్టించి పావు వంతు ఇటుకలు మిగిల్చాడు. ఆయన తోడుగా 1985లో పుట్టిన కాస్ట్‌ఫోర్డ్ సంస్థ ఆ పని ఇంకా చేస్తోంది. మా జిల్లాలో కాళ్ల కింద బండ ఉంది. కడప బండ దేశమంతా పోయి వంటింటి గట్టయింది. దాన్ని తవ్వేదీ, పాలిష్ పట్టేదీ మావాళ్లలో ఎందరో. ఆ బండతో మా గోడ, మా కప్పు ఎంతలో అవుతుందో లెక్క కట్టి చూపించేవాళ్లేరీ? ఒక్కమాట మాత్రం. మట్టి ఇల్లు చల్లగా ఉంటుందని పట్నం నుంచి వచ్చి మాకు పాఠం చెప్పొద్దు. చౌడు మిద్దె మీద ఏటేటా మట్టి ఎత్తిపోసిన నడుములు మావి. గవాచి లోంచి కారే వానకింద గిన్నెలు పెట్టిన రాత్రులు మావి. మంచీ చెడ్డా, ఖర్చుతో సహా, నాలుగు రకాలు ముందు పెట్టండి. ఎంచుకునేది మేం.

ఇల్లు హక్కు అని ఇప్పుడు కొత్తగా అంటున్నది కాదు. 1995లో చమేలీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆశ్రయం అంటే నెత్తిన కప్పు ఒక్కటే కాదంది. తగినంత చోటు, గట్టి కట్టడం, గాలి, వెలుతురు, నీళ్లు, శుభ్రమైన పరిసరాలు, అన్నీ అందులోకే వస్తాయంది. ఐక్యరాజ్యసమితి 2000లో ఇంటి హక్కు మీద మొట్టమొదటి ప్రత్యేక ప్రతినిధిగా పెట్టుకున్న మిలూన్ కొఠారీ మనవాడే. చదివింది ఆర్కిటెక్చరు. అంటే ఈ వృత్తికి ఈ హక్కుతో చుట్టరికం ఉంది, తెలియనట్టు నటించడానికి లేదు.

2022 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్ ఖర్గోన్‌లో బుల్డోజర్లు వచ్చినప్పుడు ప్రధానమంత్రి ఆవాస్ యోజన డబ్బులతో కట్టుకున్న ఇల్లు కూడా నేలమట్టమైంది. సర్కారు ఇచ్చిన ఇల్లే అక్రమమైంది! 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు పదిహేను రోజుల నోటీసు లేకుండా కూల్చొద్దంది. బుల్డోజరుకు డ్రైవరు ఒక్కడే ఉండడు. అంతకుముందు ఎవరో కొలిచి, 'ప్లానుకు విరుద్ధం' అని రాసి సంతకం పెడతారు. ఆ సంతకం పెట్టనని చెప్పిన ఇంజినీరు, ఆర్కిటెక్టు ఎందరు? నోటీసులో ఉన్న ఆ పదిహేను రోజుల్లో ఇంటివాళ్ల తరఫున ఎదురు కొలత తీసి ఇచ్చేవాళ్లు ఎందరు? మా దగ్గర గండికోట జలాశయం నింపేందుకు 2020లో తాళ్లప్రొద్దుటూరు ఖాళీ చేయించారు. ఊరు మునిగినా, ఇల్లు కూలినా, ఇంటి విలువ కట్టేది సర్కారు టేపు. మా పక్క నుంచి ఇంకో టేపు ఉండాలి.

మేం అడిగేది పెద్ద పెద్ద పథకాలేమీ కాదు. కడపలో 2020 నుంచి ఒక ఆర్కిటెక్చరు విశ్వవిద్యాలయం ఉంది. మొదటి సంవత్సరం పిల్లలకు కొలవడం నేర్పేటప్పుడు కోటలతో పాటు దువ్వూరులో పది ఇళ్లు ఇవ్వండి. ముస్లిం ఇల్లు, మాదిగ ఇల్లు, చాకలి ఇల్లు, పాతదీ కొత్త కాలనీలోదీ. లేఔటు గీసే ముందు కబరస్తాన్ ఎంత దూరం, పీర్ల చావిడి ముందర గుండానికి చోటెక్కడ అని ఊళ్లో అడగండి. బడికీ అంగన్‌వాడీకీ చోటు వదిలిన లేఔట్లు చూశాంగానీ చచ్చినవాళ్లకు చోటు వదిలిన లేఔటు మేం చూడలేదు. నెలకొక రోజు మండలాఫీసు దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ల సెంటున్నరకో మూడు సెంట్లకో వాళ్ల పనిని బట్టి, నేలను బట్టి ప్లాను గీసివ్వండి. దాన్ని ఒప్పుకొని బిల్లు ఇచ్చేలా హౌసింగు శాఖతో మీరే కొట్లాడండి. మీ భాష వాళ్లకు అర్థమవుతుంది, మాది కాదు.

వచ్చేటప్పుడు మీ జట్టులో ఆడపిల్లలు ఉండాలి. వంటిల్లూ దొడ్డీ గురించి చెప్పాల్సింది మా ఆడవాళ్లు, మగవాళ్ల ముందర వాళ్లు అన్నీ చెప్పరు. శుక్రవారం జుమా తర్వాతయితే అందరం ఊళ్లోనే ఉంటాం.