పేట బజారుకు పల్లె జనం మళ్లీ రావాలంటే

నరసరావుపేట చుట్టుపక్కల పల్లెల్లో "పేటకెళ్లొస్తా" అని ఎవరైనా అంటే ఏదో కొనుక్కురావడానికే అనుకునేవారు. పెళ్లి బట్టలు, పలుపుతాళ్లు, పురుగుమందు, పిల్లల పుస్తకాలు, మోటారు సామాను, అన్నీ స్టేషన్ రోడ్డు, మల్లమ్మ సెంటర్ చుట్టూ కాలినడకన తిరిగితే దొరికేవి. ఇప్పుడు ఆ మాటకు అర్థం మారుతోంది. పేటకు వెళ్లినవాడు ఆసుపత్రిలోనో, కలెక్టరు ఆఫీసులోనో పని చూసుకుని మధ్యాహ్నం బస్సుకే తిరిగి వస్తున్నాడు. పెళ్లి బట్టలకు గుంటూరో చీరాలో పోతున్నారు. మిగతావి ఫోనులో నొక్కితే ఇంటి గుమ్మంలోకి వస్తున్నాయి.

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి, పేట జిల్లా కేంద్రమైంది. ఇక వ్యాపారం దానంతట అదే పెరుగుతుందని ఆశపడినవారు చాలామంది. ఊరికి వచ్చే జనం పెరిగిన మాట నిజమే. కాని వచ్చినవారంతా బజారు దాకా రావడం లేదు.

చదువుల సంగతే చూడండి. 1950లో మొదలైన శ్రీ సుబ్బరాయ నారాయణ కళాశాల విద్యార్థులు పట్టణంలోనే తిరిగేవారు. కాఫీ హోటళ్లు, పుస్తకాల షాపులు, టైలరు దుకాణాలు వారి మీద బతికేవి. తర్వాత వచ్చిన ఇంజనీరింగు కళాశాలలు ఊరి వెలుపల వెలిశాయి. కోటప్పకొండ దారిలో ఎల్లమంద వద్ద ఒకటి, కాకాని వద్ద జె.ఎన్.టి.యు. వారిది మరొకటి. కాలేజీ బస్సు పొద్దున పల్లెలో ఎక్కించుకుని, సాయంత్రం మళ్లీ పల్లెలోనే దింపుతుంది. ఆ పిల్లలకు బజారు దారిలోనే తగలదు. చొక్కా, చెప్పులు ఫోనులో తెప్పించుకుంటున్నారంటే తప్పు వారిది కాదు.

పేట షావుకారు నష్టపోతే మనకేమిటని పల్లెల్లో కొందరు అంటున్నారు. అలా అనేవారు తమ ఇంటి పద్దు ఒకసారి చూసుకోవాలి. మిర్చి డబ్బు చేతికొచ్చేది సంక్రాంతి దాటిన తర్వాతే. అప్పటిదాకా ఇల్లు గడిచేది చాలామందికి అరువు మీదే. ఆ అరువు ఉత్తపుణ్యానికి రాదు, వడ్డీ ధరలోనే కలిసి ఉంటుంది. ఈ సంగతి రైతుకూ తెలుసు. అయినా 2025లో మిర్చి ధర పడిపోయి, ఆ ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం క్వింటాలుకు 11,781 రూపాయలు నిర్ణయించవలసి వచ్చిన పరిస్థితిలో, "వచ్చే పంటకు చూద్దాంలే బాబాయ్" అనగలిగేది ముఖం తెలిసిన కొట్టువాడే. ఫోనులో కొంటే ఆ మాట అనేవారు ఉండరు. తెలిసిన కొట్లు మూతపడితే మొదట ఇబ్బంది పడేది కౌలు రైతే.

కాబట్టి బజారు నిలబడాలి. అందుకు అవకాశం ఇప్పుడే వచ్చింది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి టిక్కెట్టు లేదు. రొంపిచర్ల నుంచో, నకరికల్లు నుంచో ఒక ఇల్లాలు పైసా ఖర్చు లేకుండా పేటకు రావచ్చు. ఇంటికి ఏం కొనాలో తేల్చేది కూడా ఆమే. కాని బస్సు దిగాక ఆమె ఎంతసేపు ఉండగలదు? చంటిబిడ్డతో కూర్చోవడానికి నీడ కావాలి, తాగడానికి నీళ్లు కావాలి. అన్నిటికంటే ముందు మరుగుదొడ్డి కావాలి. ఇది నలుగురిలో అడగడానికి ఆడవారు మొహమాటపడతారు గనుక మేము రాస్తున్నాము. స్టేషన్ రోడ్డులో ఒకటి, మల్లమ్మ సెంటర్ దగ్గర ఒకటి, నీళ్లతో, లైటుతో, తాళం పడకుండా నడిచే మరుగుదొడ్లు చాలు. కట్టిన తర్వాత చూసుకునే మనిషిని పెట్టకపోతే ఆరు నెలలకే అవి పాడుపడతాయి. ఆ జీతానికి పురపాలక సంఘం వారు, వర్తకులు చెరిసగం భరించినా ఎవరికీ మోయలేని భారం కాదు.

రద్దీ అనగానే తోపుడు బండ్ల మీద పడడం మన ఊళ్లలో అలవాటు. అరటిపండ్లు, పూలు, గాజులు అమ్ముకునేవారిని తరిమేస్తే ఆడవారు బజారుకు రావడానికి ఉన్న కారణాల్లో సగం పోతాయి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే జరిపి, గుర్తింపు పత్రం ఇచ్చేదాకా ఎవరినీ తొలగించకూడదు. బండ్లు ఎక్కడ నిలపాలో తేల్చే పట్టణ కమిటీలో నూటికి 40 మందికి తగ్గకుండా వీధి వ్యాపారులే ఉండాలని కూడా అందులో ఉంది. వారిని కూర్చోబెట్టి మాట్లాడి, గీత గీసి చోటు చూపితే రోడ్డు దానంతట అదే తేలుతుంది.

షావుకార్లకూ ఒక మాట. మురుగుకాలువ మీద మెట్లు కట్టి, మెట్ల మీద సరుకు పేర్చి, ఆ ముందు సొంత మోటారు సైకిలు నిలిపితే కొనేవాడు ఎక్కడ నిలబడతాడు? సరుకు లారీలు రాత్రి తొమ్మిది తర్వాత దింపుకుంటే పగలు దారి దొరుకుతుంది. పల్లె మనిషికి ఒక ధర, తెలిసినవాడికి ఒక ధర చెప్పడం మానాలి. ఇప్పుడు పల్లె పిల్లవాడి జేబులోనూ ఫోను ఉంది. ధర అక్కడే, మీ ముందే చూస్తాడు.

కళాశాలల యాజమాన్యాలు శనివారం సాయంత్రం బస్సులను బజారు దగ్గర ఒక గంట ఆపి తీసుకువెళ్లినా చాలు, వందలమంది కుర్రవాళ్లు దిగుతారు. వర్తకులు వెళ్లి అడిగితే కాదంటారని మేము అనుకోము.

మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లే జనంలో ఎందరో పేట మీదుగానే పోతారు. కనీసం ఆ రెండు మరుగుదొడ్లు, నాలుగు బెంచీలు, ఒక నీళ్ల ట్యాంకు తిరునాళ్లలోగా పూర్తిచేయాలని పురపాలక సంఘాన్ని, వర్తకులను పల్లెల తరఫున కోరుతున్నాము.