లక్సెట్టిపేట ఎండలో ఓవర్‌క్లాకింగా!

పోయిన మే నెలలో ఒక మధ్యాహ్నం మా చిన్నాయన కొడుకు ఫోన్ చేసిండు. "అన్నా, టెస్టు నడుమల లాప్‌టాప్ బంద్ పడ్డది. మళ్ళ ఆన్ అయితలేదు." వాడు బీటెక్ ఫైనలియర్. ఆ రోజు ఒక కంపెనీ ఆన్‌లైన్ కోడింగ్ టెస్టు ఉంది. గంటన్నర పరీక్షలో నలభై నిమిషాలకే స్క్రీన్ నల్లబడింది. చిట్టీ ఎత్తి కొనిచ్చిన లాప్‌టాప్ అది. మంచిర్యాలలో చూపిస్తే బోర్డు పోయింది, మార్చాలంటే లాప్‌టాప్ ధరలో సగం అవుతుందన్నారు. పోయిన టెస్టుకి మాత్రం ఎవరూ రేటు చెప్పలేదు.

సంగతేంటంటే, వాడు నెల ముందు ఒక వీడియో చూసి ప్రాసెసర్ని "ఓవర్‌క్లాక్" చేసుకున్నాడు. ఆ వీడియో లింకు పంపిన మహానుభావుణ్ణి నేనే. "స్లో ఉందన్నా" అంటే, బెంగుళూరు ఆఫీసులో ఏసీ కింద కూర్చుని, పూర్తిగా చూడకుండానే వాట్సాప్‌లో పడేశాను. అందుకని ఈ తిట్లలో మొదటి వాటా నాదే. రెండో వాటా "ఫ్రీగా 30 శాతం స్పీడు" అని థంబ్‌నెయిల్ పెట్టే వీరులది.

సరే, విషయానికొద్దాం. మనవాళ్ళు ఓవర్‌క్లాకింగ్ అని పిలిచేదాన్లో తొంభై పాళ్ళు అసలు ఓవర్‌క్లాకింగే కాదు. మామూలు లాప్‌టాప్ ప్రాసెసర్లలో మల్టిప్లయర్‌కి ఫ్యాక్టరీలోనే తాళం వేసి పంపుతారు. ఇంటెల్‌లో పేరు చివర హెచ్‌కే, హెచ్ఎక్స్ అని ఉండే ఖరీదైన రకాలకే ఆ తాళం తీసి ఇస్తారు. మిగతావాటిలో మీరు పెంచగలిగేది స్పీడు కాదు, ప్రాసెసర్ ఎన్ని వాట్లు తాగొచ్చు, ఎంతసేపు తాగొచ్చు అన్న పరిమితి మాత్రమే.

ఇంకో సంగతి. 2008లో ఇంటెల్ నెహలెమ్‌తో టర్బో బూస్ట్ వచ్చిన దగ్గర్నుంచీ, కంపెనీయే చిప్‌ని సందు దొరికినప్పుడల్లా ఓవర్‌క్లాక్ చేస్తోంది. అట్ట డబ్బా మీద "4.5 గిగాహెర్ట్జ్" అని పెద్దగా రాస్తారు చూడండి, అది ఒకటి రెండు కోర్ల మీద, కాసేపు మాత్రమే వచ్చే స్పీడు. సన్న లాప్‌టాప్‌ల చిప్‌కి 15 వాట్లు, కాస్త మందం వాటికి 45 వాట్లు అని లెక్క కట్టి ఫ్యాను, రాగి గొట్టాలు పెడతారు. అంటే చెరుకు ముందే పిండేశారు. మీకు మిగిలింది పిప్పి.

కాదు, నేను పిండుతా అంటారా? లెక్క చూడండి. చిప్ తాగే కరెంటు సుమారుగా స్పీడుతో పాటు, వోల్టేజీ వర్గంతో పాటు పెరుగుతుంది. స్పీడు 10 శాతం పెంచాలంటే వోల్టేజీ ఓ 8 శాతం పెంచాల్సి వచ్చిందనుకోండి. 1.1 ఇంటూ 1.08 ఇంటూ 1.08. అంటే 28 శాతం ఎక్కువ వేడి. పది ఇచ్చి ఇరవై ఎనిమిది గుంజుకునే వడ్డీ వ్యాపారం! మన ఇళ్ళలో అయితే పంచాయితీ పెడతారు.

ఈ గోడకి తల కొట్టుకున్నది మనమొక్కళ్ళమే కాదు. 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 తెస్తామని చెప్పి, 2004 అక్టోబరులో ఇంటెల్ దాన్ని రద్దు చేసుకుంది. అప్పటి సీఈఓ క్రెయిగ్ బారెట్ ఒక సభలో మోకాళ్ళ మీద కూర్చుని మరీ క్షమించమన్నాడు. 2023లో ఒక డెస్క్‌టాప్ చిప్‌ని 9 గిగాహెర్ట్జ్ దాటించారు కదా అంటారేమో. నిజమే, కానీ దానికి ద్రవ హీలియం పోశారు. అది మైనస్ 269 డిగ్రీలు. లక్సెట్టిపేటలో మనకి దొరికేది కూలర్, అదీ కరెంటు ఉంటే.

అసలు గొడవంతా ఇక్కడుంది. గోదావరి ఒడ్డునే ఉన్నా మే నెలలో మా వైపు ఎండ 45 దాటడం మామూలు. స్లాబు కింద గదిలో ఫ్యాను వేసుకున్నా మధ్యాహ్నం 38 దగ్గర ఉంటుంది. చిప్ దాదాపు 100 డిగ్రీల దగ్గర తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. అదే ఫ్యాను, అవే గొట్టాలు ఉన్నప్పుడు బయటికి పోయే వేడి, చిప్‌కీ గది గాలికీ ఉన్న తేడాని బట్టే ఉంటుంది. బెంగుళూరు ఏసీ గదిలో 23 అనుకుంటే తేడా 77. మా ఇంట్లో 62. అంటే అక్కడ 45 వాట్లు మోసే కూలింగు ఇక్కడ మోసేది 36 వాట్లే. ఐదో వంతు గోవిందా! ఇది దుమ్ము లెక్క వేయకముందు మాట. కాబట్టి మా ఊళ్ళో ఓవర్‌క్లాకింగ్ అంటే పైకి ఎక్కడం కాదు, కొన్నదాన్ని కింద పడకుండా పట్టుకోవడం.

2020 వేసవిలో లాక్‌డౌన్‌కి ఇంటికొచ్చి పని చేసినప్పుడు ఇది నాకే తెలిసొచ్చింది. ఆఫీసులో టీ తాగొచ్చేలోపు అయ్యే బిల్డు, ఇంట్లో మధ్యాహ్నం పూట భోజనం చేసొచ్చినా అయ్యేది కాదు. తెల్లారుజామున ఐదింటికి పెడితే మాత్రం బుద్ధిగా అయ్యేది. అదే కోడు, అదే లాప్‌టాప్. ఇంత అనుభవించి కూడా తమ్ముడికి ఆ లింకు పంపానంటే, ఏసీలోకి పోగానే ఊరి ఎండ మర్చిపోయానన్నమాట.

వాడు చేసిందేంటో చెప్తా, ఇంకెవరూ చేయకండి. వాట్ల పరిమితి పెంచాడు. ఆ తర్వాత బీడీ ప్రాక్‌హాట్ అనే టిక్కు తీసేశాడు. వీడియోలో "ఇది తీసేస్తే మీ ప్రాసెసర్‌కి స్వేచ్ఛ" అని చెప్పారట. ఆ టిక్కు ఏంటంటే, ప్రాసెసర్‌కి వోల్టేజీ సరఫరా చేసే భాగాలు, గ్రాఫిక్స్ లాంటివి "నేను కాలిపోతున్నా, నెమ్మదించు" అని అరిచే తోవ. అది మూసేస్తే ప్రాసెసర్ తన ఒంటి వేడి మాత్రమే చూసుకుంటుంది. పక్కవాడు కాలుతున్నది దానికి తెలీదు. వాడి బోర్డు మీద పోయింది సరిగ్గా ఆ వోల్టేజీ సరఫరా భాగమే.

ఇక కంపెనీల మీద నా కోపం. 2018 జూలైలో కోర్ ఐ9 పెట్టిన మ్యాక్‌బుక్ ప్రో, బరువైన పని ఇస్తే బేస్ స్పీడు కన్నా కిందకి పడిపోయింది. తర్వాత ఆపిల్ తప్పు ఫర్మ్‌వేర్లో ఉందని ఒప్పుకుని అప్‌డేట్ ఇచ్చింది. అంత ఖరీదు వస్తువుకే అలా ఉంటే మన నలభై యాభై వేల డబ్బాల సంగతి అడగాలా? అన్నిటికన్నా తమాషా, చాలా లాప్‌టాప్‌ల స్పెసిఫికేషన్లలో వాడదగిన గది ఉష్ణోగ్రత 35 డిగ్రీల వరకే అని రాసి ఉంటుంది. మీది తీసి చూడండి. అంటే మే నెలలో లక్సెట్టిపేట, జగిత్యాల, రామగుండం ఆ కాగితంలోనే లేవు! అమ్మేటప్పుడు మాత్రం ఉంటాయి. అట్ట డబ్బా మీద గిగాహెర్ట్జ్ బదులు "40 డిగ్రీల గదిలో అరగంట ఆగకుండా ఇన్ని వాట్లు" అని రాయమనండి, సగం ప్రకటనలు ఆగిపోతాయి.

హెచ్ఎక్స్ చిప్‌లు ఉన్నాయి కదా అని వాదించే మిత్రులకి ఒక మాట. ఉన్నాయి. 2022లో వచ్చిన 12వ తరం హెచ్ఎక్స్‌కి బేస్ 55 వాట్లు, టర్బోలో 157 దాకా పోతుంది. ఇటుకంత బరువు, చెవులు పగిలే ఫ్యాను, ఏసీ గది ఉంటే మీ ఇష్టం. కానీ వోల్టేజీతో ఆటలు కంపెనీకే అచ్చిరాలేదు. 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లు తప్పుడు వోల్టేజీ అడిగి పాడవుతున్నాయని 2024లో ఇంటెలే ఒప్పుకుని, వారంటీ రెండేళ్ళు పెంచింది. మనకెవడు పెంచుతాడు?

మరి ఏం చేయాలంటే, చెప్తా. ఏడాదికోసారి ఫ్యానులో దుమ్ము తీయించండి, పాత థర్మల్ పేస్టు మార్పించండి. పరుపు మీద, ఒళ్ళో పెట్టుకోకండి, వెనకవైపు రెండంగుళాలు ఎత్తండి. ర్యామ్ 8 జీబీ దగ్గర ఆగిపోయి, స్లాటు ఖాళీగా ఉంటే ముందు ఆ డబ్బు దానికి పెట్టండి. హార్డ్ డిస్కు ఇంకా ఉంటే ఎస్ఎస్‌డీ వేయించండి. మీ బయాస్ ఒప్పుకుంటే వోల్టేజీ కొంచెం కొంచెంగా తగ్గించి చూడండి. 7 శాతం తగ్గినా వేడి 13 శాతం పైగా తగ్గుతుంది. (2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ లోపం బయటపడ్డాక చాలా కంపెనీలు ఆ తోవ కూడా మూసేశాయి, అది వేరే ఏడుపు.) బరువైన బిల్డులు ఆఫీసు సర్వర్ మీద నడపండి. పరీక్ష ఉన్న రోజు ఏ సెట్టింగూ ముట్టుకోకండి.

బోర్డు డబ్బులు నేనే కట్టాను. చిన్నాయనకి ఇంకా అసలు సంగతి చెప్పలేదు, "ఎండకు పోయింది" అన్నాను. అదీ పూర్తి అబద్ధం కాదులెండి. ఈసారి ఊరి నుంచి ఎవరైనా "అన్నా, స్లో ఉంది" అంటే లింకు పంపే ముందు ఒక ప్రశ్న అడగండి: "అక్కడ గదిలో ఎంత వేడుంది రా తమ్మీ?" నేను అడగలేదు.